వనజాక్షి నోరు

వనజాక్షి నోటిని గురించి మగ్గాల వీధిలో నానా కథలు చెప్పుకుంటారు. ఒకసారి వీధి కొళాయి దగ్గర నిలబడి, "ఎవురే నా బిందె జరిపింది?" అని ఆమె ఒక్క కేక వేస్తే, అక్కడ అరక్కోణం స్టేషన్లో కదలబోతున్న బండిని గార్డు ఆపేశాడట. బిందె తగువు తేలిందాకా పచ్చజెండా ఊపలేదట. ఇంకోసారి తన కోడిపెట్టను తన్నుకుపోతున్న గద్దను తలెత్తి నాలుగు మాటలు తిడితే, ఆ గద్ద పెట్టను దించిపెట్టి, చాలదేమోనని పక్కవీధి నుంచి ఒక పుంజును కూడా తెచ్చి ఇచ్చిందట. అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. గద్ద సంగతి మీరు నమ్మకపోయినా ఫరవాలేదు గానీ, బండి సంగతి మాత్రం నిజం.

అంతటి నోటిని ఆపగలిగింది లోకంలో ఒక్కటే, ఆమె మొగుడు ధనకోటి ఈల.

ధనకోటి మాటల మనిషి కాడు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో పెళ్ళాన్ని పేరుపెట్టి పిలిచిందీ లేదు, 'ఏమే' అన్నదీ లేదు. పని ముగించుకుని వీధి మలుపు తిరగ్గానే కింది పెదవి మడిచి ఈల వేసేవాడు. మొదట కిందికి దిగి, చివర పైకి లేచే ఈల. అది చెవిన పడితే వనజాక్షి ఎంతటి జగడంలో ఉన్నా సరే, "ఉండు, మిగిలింది రేప్పొద్దున తిడతా" అని ఎదుటిమనిషికి వాయిదా ఇచ్చి, టీ పెట్టడానికి లోపలికి పోయేది. ఆమెతో జగడం పెట్టుకున్నవాళ్ళందరూ సాయంత్రం కాగానే మలుపుకేసి ఆశగా చూసేవాళ్ళు.

ఆ ఈల ఆగిపోయింది. ఎట్లా ఆగిపోయిందంటే, తిరుత్తణి కొండకు పడమటి దిక్కున ఉన్న ఆ వీధి వెనక మునుస్వామికి మరమగ్గాల షెడ్డు ఒకటి ఉంది. ఎనిమిది మగ్గాలు, పొద్దస్తమానం లుంగీలు నేస్తుంటాయి. మగ్గంలో పడుగు మధ్య అటూ ఇటూ పరిగెత్తే నాడెను చూశారు కదా, చిన్న కొయ్య పడవలాగా ఉంటుంది, రెండు కొసలకూ ఇనుప ములుకులు, పొట్టలో నూలు చుట్టిన కండె. కంటికి ఆనదు, అంత జోరు. అది దారి తప్పి ఎగరకుండా మగ్గానికి ఒక అడ్డకమ్మి ఉండాలి. ధనకోటి మగ్గానికున్న అడ్డకమ్మి ఎప్పుడో ఊడిపోయి, మునుస్వామి ఇంట్లో దోమతెర కట్టే కడ్డీగా స్థిరపడింది. ఆ ఏడు ఆడి కృత్తిక పండగకు ముందు, ఆర్డర్లు మీదపడి అందరూ ఊపిరాడకుండా నేస్తున్న రోజుల్లో, నాడెను కొట్టే తోలుపట్టీ తెగింది. నాడె గాల్లోకి లేచి ధనకోటి ఎడమ మూతిమూల మీద దిగింది.

"బావ మూతికి తగిలి, గోడకు తగిలి, కిటికీలోనుంచి ఎగిరిపొయ్యి, కొండమింద సామికి మూడు సుట్లు తిరిగొచ్చి మళ్ళా మగ్గంలో పండుకునింది" అని వనజాక్షి తమ్ముడు అరుణాచలం ఇప్పుడు చెబుతుంటాడు. అతనిదీ అదే షెడ్డు, పక్క మగ్గం. ఆ రోజు మాత్రం అతను కథలేమీ చెప్పలేదు. బావ నోటికి తన తువ్వాలు అదిమిపట్టుకుని, ఆటోలో తిరువళ్ళూరు పెద్దాసుపత్రి దాకా కూర్చున్నాడు.

పళ్ళు కొన్ని పోయాయి. చెంప కుట్టుపడింది. ఎడమపక్క పెదవులు మాత్రం కలవడం మానుకున్నాయి. నీళ్ళు తాగితే ఆ మూల నుంచి కారతాయి. ప, బ, మ అనే అక్షరాలు ధనకోటి నోటికి దూరపు చుట్టాలయిపోయాయి. (అతని మాటలు వినడానికి ఎట్లా ఉన్నా, ఇక్కడ సరిచేసి రాయడమే మర్యాద.) చెన్నైలో ఇంకొక ఆపరేషను చేస్తే పెదవులు మళ్ళీ కలిసే అవకాశం ఉందని డాక్టరు చెప్పాడు. దానికయ్యే ఖర్చు విన్నాక ఆ మాట ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. ఎత్తకపోయినా వనజాక్షి మనసులో అది పొయ్యి మీద పాలలాగా ఎప్పుడూ కాగుతూనే ఉంది. ఎందుకంటే ధనకోటి ఇప్పుడు వీధి మలుపు దగ్గరికి వచ్చి, అలవాటుకొద్దీ ఆగి, పెదవి మడవబోయి, చుట్టూ చూసి, తల దించుకుని ఇంటికి నడిచివచ్చేవాడు. అదంతా ఆమె కొళాయి దగ్గర నుంచి చూసేది. చూడనట్టు బిందె తోముకునేది.

కుట్లు మానాక ధనకోటి మళ్ళీ మగ్గమెక్కాడు. చేతులు బాగున్నాయి, కాళ్ళు బాగున్నాయి, కళ్ళు బాగున్నాయి. అయినా మొదటి కండె అయిపోగానే మగ్గం ఆగిపోయింది.

సంగతేమిటంటే, నాడెలో కొత్త కండె పెట్టినప్పుడల్లా దారపుకొసను నాడె పక్కనున్న చిన్న బెజ్జంలోనుంచి బయటికి తీయాలి. ఆ వీధిలో తాతల నాటినుంచీ దానికి ఒక్కటే పద్ధతి. బెజ్జానికి పెదవులు ఆనించి సర్రున పీలిస్తే దారం నోట్లోకి వస్తుంది. నాడెకు ముద్దు పెట్టడం అంటారు దాన్ని. రోజంతా కండెలు అయిపోతూనే ఉంటాయి, రోజంతా ముద్దులు పెడుతూనే ఉండాలి. సగం మూసుకునే పెదవులతో ధనకోటి ఎంత పీల్చినా గాలి వస్తుందే తప్ప దారం రాదు. సూదితో లాగి చూశాడు, దారం తడిపి చూశాడు. అందరి మగ్గాలూ పరిగెడుతుంటే అతని మగ్గం నడిచేదానికన్నా నిలబడేదే ఎక్కువయింది.

ఆ మధ్యాహ్నం వనజాక్షి అన్నం క్యారియరు తెచ్చింది. మొగుడు నాడెను రెండు చేతులతో పట్టుకుని, నోటిమూల తువ్వాలుతో తుడుచుకుంటూ, మళ్ళీ పీలుస్తూ కనిపించాడు. ఆమె క్యారియరు కింద పెట్టింది. అతని చేతిలోనుంచి నాడె లాక్కుంది, ఒక్క పీల్పు పీల్చి, దారం పళ్ళతో పట్టి బయటికి తీసి, దూది పీచు థూ అని ఉమ్మి, నాడె అతని చేతిలో పెట్టింది.

"తినేసి నెయ్యి" అంది.

ఆ రోజు నుంచి అదే వరస అయింది. షెడ్డు వాకిలి పక్క వీధిలో ఉన్నా, దాని వెనకగోడ వనజాక్షి పెరటిగోడే. మధ్యలో చిన్న తలుపు. ఎనిమిది మగ్గాలు ఒక్కసారిగా మోగుతుంటే పిడుగు పడినా వినబడదు. అయినా ఆ ఎనిమిదింట్లో తన మొగుడి మగ్గం ఆగితే పొయ్యి దగ్గరున్న వనజాక్షికి తెలుస్తుంది. చేతిలో పిండి ఉంటే పిండితో, చీపురు ఉంటే చీపురుతో పెరటి తలుపు తోసుకుని వచ్చి, ముద్దు పెట్టి పోయేది.

షెడ్డులో మూల కూర్చుని కండెలు చుట్టే ముసలి కస్తూరమ్మకు పళ్ళు లేవు గానీ మాటలకు కొదవ లేదు.

"ఏమే వనజా, పెండ్లయిన కొత్తలో ఇన్ని ముద్దులు పెట్టుంటే, సూడలేక మీ యత్త పదేండ్లు ముందే పోయుండును గదే!"

"నువ్వు పెట్టకనే గదా అవ్వా, తాత కాశీకి పోతానని పళనికి పొయ్యి కూసున్నాడు!"

"కాశీకే పొయినాడు. ఇద్దరం పొయినాము."

"అట్లనా? కాశీలో ఏం వదిలినావు మరి?"

"పండ్లు!" అని కస్తూరమ్మ బోసినోరు తెరిచి చూపించేది.

షెడ్డంతా నవ్వేది. ధనకోటి మాత్రం చెవులు ఎర్రబడి మగ్గం మీదికి వంగేవాడు. ఇంటికొచ్చాక ఒక రోజు పెళ్ళాం చేయి పట్టుకుని, కొండ ఉన్న దిక్కుకు తిప్పి ఒట్టు వేయించుకున్నాడు. ఈ సంగతి షెడ్డు గోడలు దాటకూడదు.

"పెండ్లాం నోరు పెట్టుకోని కూడు తింటాండాడని ఊరంతా అనుకోవాల్నా?"

"నా నోరు ఊరంతా తెలిసిందే గదయ్యా" అంది వనజాక్షి. అయినా ఒట్టు వేసింది.

ఇన్సూరెన్సు సంగతి మునుస్వామే ఎత్తాడు. అతను చెడ్డవాడేం కాదు. కడ్డీ దోమతెరకు వాడుకున్న పాపం అతన్ని నిద్రపోనివ్వడం లేదు. దోమలు కూడా, ఎందుకంటే ఆ కడ్డీ మళ్ళీ మగ్గానికే తెచ్చి బిగించాడు. "లోను ఇచ్చేటప్పుడు బ్యాంకోళ్ళు పట్టుబట్టి పనోళ్ళ మీద పాలసీ తీపించినారు. కేసు పెట్టు ధనకోటీ. ఇచ్చేది వాళ్ళు, నేను గాదు. నీ మూతి బాగయితే నాకు సంతోసం" అన్నాడు.

కస్తూరమ్మ మనవరాలు మధుమిత తిరువళ్ళూరులో వకీలు. మగ్గాల వీధిలో నల్లకోటు తొడిగిన మొదటి మనిషి. మాట్లాడితే కమ్మని తెలుగు, రాస్తే తమిళం, కోపమొస్తే ఇంగ్లీషు. ఆమె కాగితాలన్నీ తయారుచేసి కేసు వేసింది. అంతలో ఇన్సూరెన్సు కంపెనీ తరఫున ఒక మనిషి విచారణకని షెడ్డుకు వచ్చాడు. అది పెరటి తలుపు మూసి ఉన్న వేళ. మునుస్వామి అతనికి ఎళనీరు బోండాం కొట్టి ఇచ్చి, కుర్చీ తుడిచి కూర్చోబెట్టి, ధనకోటికి మేలు చేద్దామనే మంచి మనసుతో నోరారా పొగిడాడు.

"మా ధనకోటి అట్లాంటి ఇట్లాంటి నేతగాడు కాడు సార్. మూతి పగిలినాక గూడా గుడ్డ ఒక్క అంగుళం తగ్గలేదు. అంతకుముందు ఎంత నేసినాడో ఇప్పుడూ అంతే. అట్లాంటోనికి మీరు ఎంత ఇచ్చినా తక్కువే!"

ఆ మనిషి ఎళనీరు తాగి, అంగుళం సంగతి రాసుకుని, దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు.

వాయిదా నాడు అందరూ తిరుత్తణిలో లోకల్ ఎక్కి తిరువళ్ళూరులో దిగారు. పనిలో దెబ్బ తగిలినవాళ్ళ పరిహారం తేల్చే లేబరు ఆఫీసులో బల్ల వెనక కూర్చున్న ఆఫీసరమ్మ నడివయసు మనిషి, ముతక నూలుచీర, మాట నెమ్మది. కంపెనీ వకీలు సుందరరాజ్ లేచి మర్యాదగానే మొదలుపెట్టాడు.

"మేడం, ఈయన ముఖం చూస్తే నాకూ కడుపు తరుక్కుపోతోంది. కానీ చట్టం అడిగేది ఒక్కటే. దెబ్బ వల్ల సంపాదించే శక్తి తగ్గిందా? చేతులతో నేస్తాడు, కాళ్ళతో నిలబడతాడు. మగ్గం ఈయన ముఖం చూసి నేస్తుందా? గుడ్డ అంగుళం కూడా తగ్గలేదని ఓనరే చెప్పాడు."

వెనక బెంచీ మీద మునుస్వామి తల పట్టుకున్నాడు. వనజాక్షి సగం లేచింది. ధనకోటి ఆమె మణికట్టు పట్టుకుని కూర్చోబెట్టాడు. ఆ రోజు ఆమె మింగిన మాటలకు తిరుగు బండిలో కడుపుబ్బరం వచ్చిందని, తిరువాలంగాడులో సోడా తాగిస్తే గానీ దిగలేదని అరుణాచలం చెబుతాడు.

బండిలో కిటికీ పక్కన కూర్చుని ఆమె మొగుణ్ణి అడిగింది. "ఒక్క మాట చెప్పేస్తే తీరిపొయ్యేది గదయ్యా. ఎందుకీ పంతం?"

"చెప్పి?"

"చెప్తే ఆపరేసను అయితాది. నీ మూతి కలుస్తాది."

"ఇట్లనే ఉండనీ. నీకేమన్నా కష్టంగా ఉండాదా, నేను ముద్ద సరిగా తినలేనని?"

నీ ఈల లేక సాయంత్రాలు గడవడంలేదని చెప్పడానికి, అంత పెద్ద నోట్లోనూ వనజాక్షికి మాట దొరకలేదు. కిటికీలోనుంచి బయటికి ఉమ్మినట్టు నటించి కళ్ళు తుడుచుకుంది.

మధుమితకు సంగతంతా చివరికి కస్తూరమ్మ చెప్పింది. ఒట్టు వనజాక్షి వేసింది గానీ ముసలమ్మ వేయలేదు కదా. మధుమిత ఆదివారం వచ్చి ధనకోటి ముందు కూర్చుంది.

"పెదనాన్నా, నువ్వు ఏమీ చెప్పొద్దు. పెద్దమ్మ గూడా చెప్పొద్దు. షెడ్డుకొచ్చి కండ్లారా చూడమని మేడంకు నేను అర్జీ పెడతా. ఆమె ముందర నువ్వు మామూలుగా నెయ్యి. కండె అయితాది, మగ్గం ఆగుతాది. అంతే. అది చాలు."

ధనకోటి తల ఊపాడు. చెప్పడం కన్నా చేతగాకపోవడమే అతనికి నయమనిపించింది.

"పెద్దమ్మా, నువ్వు మాత్రం ఆ రోజు పెరటి తలుపు గడియ పెట్టుకో. షెడ్డులో కాలు పెట్టొద్దు, నోరు తెరవొద్దు. నువ్వొచ్చి దారం తీస్తే మగ్గం నడుస్తాది, కేసు పోయినట్టే."

"నేనేం పిచ్చిదాన్నా రావడానికి?" అంది వనజాక్షి.

ఆఫీసరమ్మ జీపులో వచ్చిన రోజు మునుస్వామి షెడ్డుకు సున్నం కొట్టించాడు. అన్ని మగ్గాలకూ కొత్త అడ్డకమ్మీలు మిలమిలా మెరుస్తున్నాయి. వనజాక్షి ఇంట్లో పొయ్యి మీద కారం పులుసు పెట్టి, పెరటి తలుపుకు గడియ వేసి, గరిట పట్టుకుని నిలబడింది. చెవులు మాత్రం గోడ అవతల ఉన్నాయి.

మగ్గాలు మొదలయ్యాయి. ఎనిమిదీ. అందులో ధనకోటిది కొంచెం కుంటుతుంది, కాలు నొప్పి ఉన్న గుర్రంలాగా. ఆ కుంటిచప్పుడే ఆమెకు గుర్తు. అది నడుస్తోంది, నడుస్తోంది. ఆగింది.

అలవాటుకొద్దీ కాలు ముందుకు పడింది. గడియ మీద చేయి వేసి వెనక్కి తీసుకుంది. ఆగాలి కదా, ఆగడమే కదా కావలసింది. పులుసు కలిపింది. పులుసు కలిపేటంత పని అందులో ఏమీ లేదు.

అంతలో అరుణాచలం మగ్గం ఆగింది. దాని పక్కది ఆగింది. ఒక్కొక్కటే అన్నీ ఆగిపోయాయి. చూద్దామని అందరూ చేతులు ఆపేసినట్టున్నారు. మగ్గాల వీధిలో పట్టపగలు అంత నిశ్శబ్దం ఎన్నడూ లేదు. ఆ నిశ్శబ్దంలో, గోడ అవతల నుంచి, ఒక చిన్న చప్పుడు వినబడింది.

ఫూ... ఫూ... ఫూ...

గాలి. పెదవుల మూలనుంచి జారిపోతున్న గాలి. అంతమంది చుట్టూ నిలబడి చూస్తుంటే, ఆఫీసరమ్మ చూస్తుంటే, సున్నం కొట్టిన గోడల మధ్య నిలబడి ఆ మనిషి పీలుస్తున్నాడు. మధ్యమధ్యలో ఆగుతున్నాడు. ఆగినప్పుడు తువ్వాలుతో మూతిమూల తుడుచుకుంటున్నాడని గోడ అడ్డమున్నా ఆమెకు కనిపిస్తూనే ఉంది.

ఫూ...

గడియ ఎప్పుడు తీసిందో ఆమెకు తెలియదు. తీయలేదు, తలుపే ఊడి వచ్చిందని అరుణాచలం అంటాడు. చేతిలో పులుసు కారుతున్న గరిటతో వనజాక్షి షెడ్డు మధ్యలోకి వచ్చింది. దారికి అడ్డమున్న సుందరరాజ్ కోటు మీద పులుసుచుక్క పడింది. గరిట మధుమిత చేతిలో పెట్టి, మొగుడి చేతిలోని నాడె లాక్కుని, బెజ్జానికి పెదవులు ఆనించి సర్రున పీల్చింది.

మధుమిత గరిట చేతిలో పట్టుకునే కళ్ళు మూసుకుంది. అయిపోయింది కేసు.

"నీంగ యారమ్మా?" ఆఫీసరమ్మ నెమ్మదిగా అడిగింది. ఎవరమ్మా నువ్వు?

వనజాక్షి తలెత్తింది. పళ్ళ మధ్య దారం ఉంది. నోరు తెరిస్తే దారం జారి మళ్ళీ లోపలికి పోతుంది. అరక్కోణం బండిని ఆపిన మనిషి, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, పరాయి మనిషి అడిగిన మాటకు జవాబు చెప్పకుండా నిలబడిపోయింది.

సుందరరాజ్ మాత్రం ఊరుకుంటాడా! "మేడం, ఇదంతా నాటకం. సానుభూతి కోసం తయారుచేసి తెచ్చారు ఈమెను." అని అరుణాచలం వైపు తిరిగాడు. "ఏమయ్యా, నిజం చెప్పు. ఈమె ఇంతకుముందు ఎప్పుడైనా ఈ షెడ్డులో కాలు పెట్టిందా?"

అక్కను నాటకమన్నందుకు అరుణాచలానికి ఒళ్ళు మండింది.

"ఎప్పుడైనానా? ఏం మాట సార్ అది! దినామూ వస్తాది. వానొచ్చినా వస్తాది, వరదొచ్చినా వస్తాది. కండె అయిన ప్రతిసారీ వస్తాది. మాయమ్మ కర్మాంతరం రోజు గూడా వడలు ఆడ నూనెలో యేసి ఈడికొచ్చి దారం తీసి, వడలు మాడకముందే పోయింది. పోయిన నెల జరమొచ్చినబ్బుడు గూడా వచ్చింది సార్. ఎంత జరం అనుకున్నారు? దారం అంటుకోని కాలిపొయింది!"

"ప్రతిసారీనా?" అంది ఆఫీసరమ్మ.

"కావాలంటే మా కస్తూరవ్వనడగండి."

"పెండ్లయిన కొత్తలో గూడా ఇన్ని..." అని కస్తూరమ్మ మొదలుపెట్టబోతే మధుమిత గరిట ఎత్తింది. ముసలమ్మ ఆపేసింది.

సుందరరాజ్ నోరు తెరిచి, తాను ఏమి అడిగాడో, దానికి ఏ జవాబు వచ్చిందో ఒకసారి గుర్తుచేసుకుని, మెల్లగా మూసేశాడు.

ఆఫీసరమ్మ మునుస్వామిని చూసింది. "గుడ్డ అంగుళం తగ్గలేదన్నావట?"

"అన్నానమ్మా." మునుస్వామి చేతులు కట్టుకున్నాడు. "గజాలు లెక్కపెట్టుకున్నా గానీ, నోళ్ళు లెక్కపెట్టలేదు."

"ఈమెకు కూలి?"

"టీ తాగమంటానమ్మా. ఆమే తాగదు."

ఆఫీసరమ్మ ధనకోటి దగ్గరికి నడిచింది. అతను ఇంకా ఖాళీ చేతులు ముందుకు చాపుకునే ఉన్నాడు, నాడె అందులోనే ఉన్నట్టు. ఇంతమంది ముందు దాచిపెట్టిందంతా బయటపడింది. దాచడానికి ఇక ఏమీ మిగల్లేదు.

"ఈమె ఎవరయ్యా నీకు?"

ధనకోటి పెళ్ళాం వైపు చూశాడు. పేరుపెట్టి ఎన్నడూ పిలవలేదు. భార్య అనాలంటే భ పలకదు. పెండ్లాం అనాలంటే ప పలకదు. అతని నోటికి అచ్చంగా వచ్చే అక్షరాలు ఏవేవో వెతుక్కున్నట్టు ఒక్క క్షణం ఆగి, తడబాటు లేకుండా, ఒక్క చుక్క కూడా కారకుండా అన్నాడు.

"నా నోరు, తల్లీ."

షెడ్డులో ఎవరూ నవ్వలేదు. వనజాక్షి దారం పళ్ళమధ్య నుంచి తీసి, నాడెతో సహా మొగుడి చేతిలో పెట్టి, మధుమిత దగ్గర గరిట తీసుకుని, అక్కడెవరూ లేనట్టు పెరటి తలుపు వైపు నడిచింది. తలుపు దగ్గర ఆగి వెనక్కి తిరిగింది. "పులుసు మాడతాండాది" అంది. ఆ పూట ఆమె మాట్లాడింది అంతే.

తీర్పు రావడానికి ఇంకొన్ని వాయిదాలు పట్టింది. ఒక మనిషి చేసే పనికి ఇప్పుడు ఇద్దరు కావలసివస్తున్నారు గనుక, దెబ్బ వల్ల ఏమీ తగ్గలేదనడం కుదరదని, కంపెనీ పరిహారం కట్టాల్సిందేనని ఆఫీసరమ్మ రాసింది. దాన్ని మధుమిత తమిళంలో చదివి తెలుగులో చెప్పింది. ఆఫీసు మెట్లు దిగుతూ సుందరరాజ్ ఆమెతో, "ఏం చేస్తామమ్మా, నేనే అడిగి నేనే చెప్పించుకున్నా" అని నవ్వి, "ఆ పులుసు మరక మాత్రం ఎన్ని ఉతుకులకూ పోలేదు. ఏం వేస్తారు అందులో?" అని అడిగాడట.

చెన్నైలో ఆపరేషను అయింది. పెదవులు అచ్చంగా మునుపటిలా కాలేదు గానీ, కలిశాయి. నీళ్ళు కారడం లేదు. ప, బ, మ లు చుట్టపుచూపుగా వచ్చి, మెల్లగా ఇంట్లోనే ఉండిపోయాయి. ఇక ఈల సంగతి. మొదటిరోజు వీధి మలుపు దగ్గర ధనకోటి పెదవి మడిచి ఊదితే సైకిలు ట్యూబు చిల్లుపడ్డట్టు ఒక చప్పుడొచ్చింది. పక్కనే పడుకున్న కుక్క కూడా చెవి కదపలేదు. కానీ అంత దూరాన కొళాయి దగ్గర, బిందె జరిపిన మనిషికి ఏడుతరాల వంశవృక్షం విప్పుతున్న వనజాక్షి మూడో తరం దగ్గర టక్కున ఆగింది. "ఉండు, మిగిలింది రేప్పొద్దున తిడతా" అని బిందె అక్కడే వదిలేసి లోపలికి పోయింది. కొళాయి దగ్గరి ఆడవాళ్ళు ఆ మలుపుకేసి తిరిగి దణ్ణం పెట్టారు.

నోటితో పీల్చే నాడెలు ఇక వద్దు, దూదీ రంగూ ఊపిరితిత్తుల్లోకి పోతాయని ఆఫీసరమ్మ ఆ రోజు షెడ్డు నుంచి వెళ్ళేటప్పుడే మునుస్వామికి గట్టిగా చెప్పింది. అతను కోయంబత్తూరు నుంచి చేత్తోనే దారం ఎక్కించే కొత్తరకం నాడెలు తెప్పించాడు. పాతవన్నీ పొయ్యిలోకి వేద్దామని ఏరిస్తే ఒకటి తగ్గింది.

"ధనకోటీ, నీ పాత నాడె యాడ?"

"ఇది బాగా నడుస్తాదన్నా. మధ్యాన్నం ఒక కండెకు దీన్నే పెట్టుకుంటా. ఉండనీ."

"మూతి బాగయింది గదయ్యా, నువ్వే పీలుస్తావా?"

ధనకోటి మగ్గం మీదికి వంగాడు. చెవులు ఎర్రబడ్డాయి.

అందుకే ఇప్పటికీ ప్రతి మధ్యాహ్నం అన్నం వేళకు ఎనిమిది మగ్గాల్లో ఒక్కటి ఆగుతుంది. పెరటి తలుపు తెరుచుకుంటుంది. మూలన కండెలు చుట్టుకుంటున్న కస్తూరమ్మ తల కూడా ఎత్తకుండా, "ఏమే వనజా, చట్టం వద్దన్నాక గూడా మానుకోలేకుండావా?" అంటుంది. దానికి వనజాక్షి దగ్గర బ్రహ్మాండమైన జవాబు ఉంది. అరక్కోణం ఏం ఖర్మ, చెన్నై సెంట్రల్లో బండి ఆగాల్సిన జవాబు. కానీ ఏం లాభం, అప్పటికి పళ్ళ మధ్య దారం ఉంటుంది. దారం తీసి నోరు తెరిచేసరికి, కస్తూరమ్మకు చెవుడొచ్చేసి ఉంటుంది.